నిష్పాక్షిక సాక్షి

ఆస్పత్రి గేటుకు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
ఆధార్, రేషన్ కార్డు, స్కానింగ్ రిపోర్టు,
ఏ కాగితమైనా పేజీ రెండు రూపాయలు.
మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం
మెడలో ఐడీ కార్డుతో జాహ్నవి రోడ్డు దాటొచ్చి
"అన్నా, ఒక సంతకం పెట్టాల, రెండు నిమిషాలే" అంది.
చదువు రాని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు
పక్కన ఒకడుండాలంట.
ఆస్పత్రివాడు కాకూడదు, కంపెనీవాడు కాకూడదు,
రోగి తరఫువాడూ కాకూడదు.
అంటే ఎవరికీ ఏమీ కానివాడు.
నేను సరిపోయాను.

సంతకానికి రెండొందలు.
నూరు పేజీలు కొడితే వచ్చే డబ్బు.

నా పేరు పక్కన అచ్చుపడి ఉండేది:
నిష్పాక్షిక సాక్షి.
ఆ మాట పలకబోతే నాకే నాలిక మడత పడేది.
పద్నాలుగు పేజీల తెలుగు అది,
తెలుగు అక్షరాలు తొడుక్కున్న ఇంకేదో.
"యాదృచ్ఛికీకరణ" అని ఒకచోట.
జాహ్నవి దాన్ని పక్కకు నెట్టి
"కొండమీద సేవకు లక్కీడిప్ తీస్తారే, అట్లా" అనేది.
తిరుపతిలో ఆ మాట అర్థం కానివాడు లేడు.
అందరూ తలూపేవాళ్ళు.
నేను సంతకం గీకి
ఆన్ చేసి వదిలొచ్చిన మిషను దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.

ముప్పై ఎనిమిదో మనిషి చెంగల్రాయుడు.
నగరిలో మరమగ్గం పని.
షుగరు పుండు. ఎడమకాలి బొటనవేలు అప్పటికే లేదు.
ఆయన తలూపలేదు.

"డిప్పులో పేరు రాకుంటే
రాలేదని ఫోనుకు మెసేజి వస్తాది గదమ్మా.
మీ డిప్పులో నాకేమొచ్చిందో నాకు చెప్తారా?"
చెప్పరు. డాక్టరుకూ తెలీదు.
"మరి ఎవురికి తెలుసు?"
కవర్లో సీలేసి ఉంటుంది.
"యాడ?"
జాహ్నవి నా వైపు చూసింది.
నేను ఫ్యాను వైపు చూశాను.

"పని చేస్తే, అంతా అయిపోయినాక కూడా ఇస్తారా ఆ మందు?"
ఆమె పదకొండో పేజీ వెతుకుతుంటే
ఇంకోటి అడిగాడు, ఎవర్నీ కాదు, తనలో తాను:
"మా వీధిలో ఇంటికొకరికి దగ్గు. నూలు దుమ్ము.
దానికి మందు కనిపెట్టేదానికి ఎవురూ రారు.
ఎందుకో."

ఆ మాట రాసుకోడానికి
పద్నాలుగు పేజీల్లో ఎక్కడా గడి లేదు.

చివరికి వేశాడు ముద్ర.
అర్థమై కాదు.
బస్సుకు టైమైంది,
దారి ఖర్చులకు మూడొందలు ఇస్తామన్నారు,
దేశమ్మ అప్పటికే చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది.
ఆయనకు అర్థమైందని
నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను.
ఒక్కో వాక్యం, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ.
"ఇది మళ్ళీ చెప్పమ్మా" అనేవాణ్ణి.
రెండు నిమిషాల పని గంటకు పాకింది.
ఒక ముసలాయన ఆలోచించుకుని వస్తానని లేచిపోయాడు, రాలేదు.
జాహ్నవికి కోపం రాలేదు.
నెలకు ఇంతమందని ఆమె నెత్తిన ఒక లెక్కుంది,
దానికి భయమేసింది.
ఇప్పుడు సంతకాలు టీకొట్టు హరినాథు పెడుతున్నాడు.

మొన్న దేశమ్మ వచ్చింది, ఒక్కతే.
సంచిలోంచి పాలిథిన్ కవరు, కవర్లోంచి కాగితం.
"గంగజాతర ముందర పోయినాడు నాయనా."
మందు వల్లా, మందు అందకా, పుండు వల్లా?
నేను అడగలేదు. ఆమెకు చెప్పినవాళ్ళూ లేరు.
సీలు ఇంకా తీయలేదంట.
"ఆ పాప మాత్రం ఇంటికొచ్చి అన్నీ రాసుకునింది.
రవంత ఏడ్సింది కూడా."

తర్వాత కాగితం నా ముందు పరిచి,
"ఈ ఏలిముద్ర ఉండాది చూడు, దీన్ని పెద్దగా తీసియ్యి.
ఫోటో ఉండాది గానీ అది ఆధార్‌ది,
ఆయన మాదిరి లేదు."

రెండొందల శాతం పెట్టాను.
వెలుగు గీత అటునుంచి ఇటు పోయింది.
వేడి కాగితం మీద
ఎత్తుగా లేచిన బొటనవేలు,
నూలు కోసి కోసి రేఖల మధ్య తెల్లటి గాడి.
దాని కింద, అంతే పెద్దదై,
అడ్డదిడ్డంగా, తొందరలో,
చివరి అక్షరం ఎగ్గొట్టి
నేను.

"ఎంత నాయనా?" అంది దేశమ్మ
కొంగుముడి విప్పుతూ.